మంచునేల కబురడగడానికి దుఖాన్ దాకా

మా తమ్ముడు శ్రీకాంత్‌కి రష్యా ఉత్తరాన ఓ గ్యాస్ సైట్‌లో వెల్డర్ పని దొరికింది. అక్కడి నేల పర్మాఫ్రాస్ట్, అంటే వేల ఏళ్ళుగా రాయిలా గడ్డకట్టుకుపోయిన మట్టి. అదిప్పుడు కరుగుతోందని చదివినప్పటి నుంచీ నాకు గుండెల్లో గుబులే. ఎలాగైనా వాణ్ణి ఆపాలని, ఆ సైట్‌లో వంట చేసొచ్చిన నిజామాబాద్ ఖాజాభాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనిప్పుడు మేమున్న ఈ ఎడారి దేశంలోనే, దుఖాన్ అనే ఆయిల్ ఊళ్ళో వంటమనిషి.

శుక్రవారం పొద్దున్నే బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపు దగ్గర తమ్ముణ్ణి కారెక్కించుకున్నాను. దుఖాన్ హైవే మీద గంటకు పైగా ప్రయాణం, రానూపోనూ సగం ట్యాంకు పెట్రోలు చాలు. దారిలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, అక్కడక్కడా ఒంటెలు, ఊరు దగ్గరపడ్డాక ఆయిల్ పైపులు. భూమి వేడెక్కుతోందని తమ్ముడికి చెబుతూనే ఏసీ చివరిదాకా తిప్పాను. సిగ్గు లేదు నాకు.

ఖాజాభాయ్ వేడివేడిగా ఖిచిడీ, అందులోకి చింతపండు పులుసు ఖట్టా పెట్టాడు. "ఆడ ఇండ్లన్నీ గుంజల మీద కడ్తరు తమ్మీ. కింద చలిగాలి ఆడాలె, లేకుంటే ఇంటి వేడికి నేల కరుగుతది. మాకేమెరుక? వంటగదిల కాళ్ళు కొంకర్లు పోతున్నయని గది కింద సందంతా మట్టితోని మూసేసినం. ఎండాకాలం వచ్చేసరికి గది ఒక దిక్కు ఒరిగింది. పక్కింటి ముసలమ్మ వచ్చి తిట్టిన తిట్లు, భాష రాకున్నా అన్నీ సమజైనయి."

మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఖాజాభాయ్ ఇంకో గరిటె ఖట్టా పోస్తూ అన్నాడు: "మల్ల యాడాదికి ఆమె ఇల్లు గూడ ఒరిగింది. మేమంటే మట్టి పోసినం. ఆమె ఏం పోసిందని?"

అక్కడి ఊరి వెనక మైదానమంతా మడుగులైపోయిందట, నీళ్ళలోంచి బుడగలు వచ్చేవట. గడ్డకట్టి ఉన్నంత కాలం ఆ మట్టిలోని పాత వేళ్ళూ గడ్డీ కుళ్ళవు. కరిగితే కుళ్ళి, వేడిని పట్టి ఉంచే మీథేన్ వాయువు వదులుతాయి. దాంతో వేడి పెరిగి, ఇంకొంత నేల కరుగుతుంది. ఇదంతా నేను వివరిస్తుంటే తమ్ముడు ఇంకాస్త ఖిచిడీ వడ్డించుకున్నాడు.

"మరి పైపులు నిలుస్తయా భాయ్?" అన్నాడు.

"ఇండ్లే నిలుస్తలేవు. పోకు తమ్మీ."

తిరుగు దారిలో వాడు అసలు సంగతి చెప్పాడు. "మొన్ననే సంతకం పెట్టిన అన్నా. ఈడ నెలాఖరుకు పని ఖతం. ఇంటికి పోయి ఏం చెయ్యాలె?"

గ్యాస్ కాలి, భూమి వేడెక్కి ఆ నేల కరుగుతోంది, ఆ గ్యాస్ తోడటానికే మా వాడు ఆ నేల మీదికి పోతున్నాడు. ముసలమ్మకు తిట్టడానికి ఎదురుగా మనుషులున్నారు, నేనెవర్ని తిట్టాలి? ఎంత వెతికినా నాకు ఆశ కనిపించలేదు, ఉన్నట్టు రాయలేను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నా సలహా. వేసవిలో దుఖాన్‌కి తెల్లవారగానే బయల్దేరండి, మంచినీళ్ళు దండిగా పెట్టుకోండి. ఎవర్నైనా ఆపడానికి తీసుకెళ్తుంటే మాత్రం, వాళ్ళు సంతకం పెట్టకముందే తీసుకెళ్ళండి.