లోపలి తెర మీద అంకెలు

మా ఆయన కుడిచేయి విరిగి కట్టు వేయించుకున్న ఎండాకాలంలో, నేను మొదటిసారి ఖమ్మం నుంచి చర్ల దాకా కారు నడపాల్సి వచ్చింది. రెండువేల ఎనిమిదో, తొమ్మిదో, సరిగ్గా గుర్తులేదు. అప్పుడు నేను చర్ల అవతల ఒక ఆశ్రమ పాఠశాలలో పంతులమ్మను. బడి ఉన్నన్నాళ్లూ అక్కడే క్వార్టర్లో ఉండి సెలవులకు ఖమ్మం వచ్చేదాన్ని. మా ఆయన ఖమ్మం కరెంటాఫీసులో పనిచేసేవారు. హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన చిన్న పెట్రోలు కారు ఒకటి కొనుక్కున్నాం. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే, అదీ ఊళ్లో రోడ్ల మీద.

వెళ్లక తప్పని ప్రయాణం అది. మా బడిలో వంట చేసే ఆమె కూతురికి పెళ్లి. నేను కొత్తగా చేరిన ఏడాది మలేరియా వచ్చి లేవలేకుండా పడి ఉంటే, బడి పని అయ్యాక నా గదికి వచ్చి, గంజి తాగించి, తడిగుడ్డ వేసి, నన్ను మనిషిని చేసింది ఆమే. ఆమెది అడవిలో ఉన్న కోయగూడెం. పిల్లకు పెళ్లిచీర నేనే తెస్తానని మాటిచ్చాను. పసుపు రంగు మీద ఎర్రంచు చీర కొని కారు వెనక సీట్లో పెట్టుకున్నాను. పొద్దు నెత్తి మీదికి రాకముందే పెళ్లి అయిపోతుందని ఆమె ముందే చెప్పింది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. వాడికి కార్లంటే పిచ్చి. నేను ఒక్కదాన్నే నడుపుతానంటే వాడికి భయం పట్టుకుంది. వెనక బంపర్‌కు బీప్ బీప్‌మనే సెన్సార్లు వాడే బిగించాడు. వెనక్కి వచ్చేటప్పుడు ఏదైనా అడ్డం ఉంటే కూస్తుందన్నాడు. తర్వాత నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, "చూడక్కా, గీ బటన్ నొక్కి పట్టుకొని తాళం తిప్పు" అన్నాడు. తిప్పాను. కిలోమీటర్లు చూపే చిన్న తెర ఒక్కసారి మొత్తం వెలిగి ఆరిపోయి, ఏవో అంకెలు చూపించడం మొదలుపెట్టింది.

"ఏందిరా ఇవి?"

"లోపలి లెక్కలు. మెకానిక్కులకు తప్ప తెల్వకుండ కంపెనోళ్లు దాచిపెట్టిండ్రు. ఆ వేడి సూది ఉంది చూసినవా, అది ఇంజన్ ఎంత కాగినా మధ్యలనే నిలబడ్తది. అసలు వేడి దీంట్ల కనిపిస్తది. ఇంకోటి ట్యాంకుల పెట్రోలు. ఇంకోటి బ్యాటరీ."

ఏ అంకె దేనిదో వాడు చెప్పాడు. నేను అవ్ అవ్ అన్నాను. మా ఆయన కూడా వింటున్నారు కదా, ఒకరు మరిచిపోతే ఒకరు గుర్తుపెట్టుకుంటాం అనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నారని తర్వాత తెలిసింది.

పొద్దున్నే, తమ్ముడు చెప్పినట్టు బటన్ నొక్కి తాళం తిప్పి బయల్దేరాం. కొత్తగూడెం దాకా నాకు ఏ బెరుకూ లేదు. పాల్వంచ దాటి, భద్రాచలం వంతెన మీద గోదావరి దాటేసరికి ఎండ ముదిరింది. మా ఆయన పక్క సీట్లో కూర్చుని, కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని, ఆ అంకెల్లో రెండోదాన్ని పైకి చదువుతున్నారు. "తొంభై ఒకటి" అంటారు. కాసేపటికి "తొంభై నాలుగు". ఆ మాట వింటే చాలు, నా కాలు దానంతటదే ఎక్సలేటర్ మీంచి లేచేది. సూది చూస్తే కదలకుండా మధ్యలోనే ఉంది. దేన్ని నమ్మాలో తెలియలేదు.

దుమ్ముగూడెం దాటాక రోడ్డు గతుకులమయం. రెండు పక్కలా అడవి. అక్కడక్కడా కల్లాల్లో బీడీలు చుట్టే తునికాకు కట్టలు ఎండబెట్టి ఉన్నాయి. మా ఆయన "నూట రెండు" అన్నారు. నేను కారు ఆపేశాను.

"ఎందుకాపినవ్?"

"నూరు దాటింది గదా. నీళ్లయితే మరిగిపోతయి."

"అది వేడి అంకెనేనా?"

నేను ఆయన వంక చూశాను. "మీరే గదా చదువుతున్నరు."

"నేను చదువుతున్న. అది దేనిదో నువ్వు విన్నవనుకున్న. మీ తమ్ముడు మొదటిది వేడి అన్నడా, రెండోదా?"

తెర మీద పేర్లేవీ లేవు, అంకెలే. తమ్ముడికి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. బానెట్ ఎత్తి చూశాం. పొగ లేదు, వాసన లేదు, చుక్క నీరు కారలేదు. ఇంజన్ ఆపకుండానే లోపలికి వచ్చి చూస్తే అంకె నూట నాలుగు అయింది. నిలబడితే తగ్గాలి కదా, ఎందుకు పెరిగిందో అర్థం కాలేదు. ఏసీ ఆపేశాం. చెమటతో కళ్లు మండుతున్నాయి. కదిలితే కొంచెం తగ్గింది. మళ్లీ పెరిగింది. అలా ఎన్నిసార్లు ఆగామో నాకు లెక్క లేదు. చివరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"భద్రాచలం మళ్లిపోదాం. మెకానిక్‌కు చూపిద్దాం" అన్నాను.

"మరి పెళ్లో?"

"ఇంజన్ కాలిపోతే పెళ్లీ లేదు, ఇల్లూ లేదు."

కారు మళ్లించడానికి వెనక్కి పోనిచ్చాను. బీప్ కూసింది, ఆపాను. దిగి చూస్తే ఏమీ లేదు, నడుమెత్తు ఎండుగడ్డి ఉంది, అంతే. గడ్డికి కూడా కూస్తుందన్నమాట. ఎక్కి, ఇటు తిప్పి మళ్లీ వెనక్కి పోనిచ్చాను. ఈసారి కూయలేదు. కూయలేదు కాబట్టి ఇంకాస్త పోనిచ్చాను. ధడేల్‌మని కారు వెనక భాగం కిందికి కూలబడింది. వానాకాలం నీళ్లు పోయే కాలువ అది. ఎదురుగా ఏదైనా లేచి ఉంటే కూసే ఆ సెన్సారుకు, కింద ఏమీ లేకపోవడం తెలియదని నాకు ఆలోచనే రాలేదు. మా ఆయన దిగి, ఎడమచేత్తో చక్రాల కింద రాళ్లు పెట్టబోయారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కాసేపటికి దగ్గరి క్యాంపు నుంచి పోలీసు జీపు వచ్చింది. నక్సలైట్ల గొడవ ఉన్న ఆ రోజుల్లో ఆ దారిలో కారు మాటిమాటికీ ఆగుతూ పోతే ఎవరి కంట్లోనో పడకుండా ఉండదు. తుపాకీ భుజాన వేసుకున్న పోలీసు ఒకాయన కారు చుట్టూ తిరిగి, లోపలికి వంగి, తెర వంక వేలు చూపించాడు.

"ఇదేంది మేడం, ఈ నంబర్లు?"

"ఇంజన్ వేడి" అన్నాను.

"పెట్రోలు కావచ్చు" అన్నారు మా ఆయన.

పోలీసాయన మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఒకలు వేడంటరు, ఒకలు పెట్రోలంటరు. మీ కారే గదా?"

కాగితాలు చూపించాం. నేను ఫలానా బడిలో పంతులమ్మనని, పెళ్లికి పోతున్నామని చెప్పాను. వెనక సీట్లో సంచి తెరిపించాడు. చీర మడతలు రెండు వేళ్లతో ఎత్తి చూసి, నెమ్మదిగా మళ్లీ సర్దాడు. అప్పటికి కల్లం దగ్గరి ఆడవాళ్లూ మగవాళ్లూ వచ్చారు. అందరూ కలిసి వెనక పట్టుకుని ఎత్తితే, జీపు డ్రైవరు మా కారెక్కి ముందుకు లాగాడు. అతను మామూలుగా తాళం తిప్పడంతో లోపలి అంకెలు పోయి మామూలు తెర వచ్చింది.

"సూది మధ్యలనే ఉంది గదమ్మా. ఎందుకాగిండ్రు మరి?" అన్నాడు డ్రైవరు.

"సూది అబద్ధం చెప్తదంట" అన్నాను.

అతను కారు దిగాడు. "కావచ్చు. నాకైతే తెల్వదు. నా జీపుల సూదే లేదు. విరిగిపోయింది."

"ముందుకు పోవచ్చా?"

"పోతే పోతది. ఆగితే ఆగుతది. ఏం చెప్పాలె."

ముందుకే పోయాం. బటన్ నొక్కలేదు. అంకెలు కనబడకపోతే ధైర్యంగా ఉంటుందనుకున్నాను కానీ, లోపల ఏం పెరుగుతోందో తెలియక ఇంకా భయమేసింది. మా ఆయన చదవడానికి ఏమీ లేక బయటికి చూస్తూ కూర్చున్నారు.

గూడెం చేరేసరికి పెళ్లి అయిపోయింది. డోళ్లు మోగుతున్నాయి, తలకు కొమ్ములు కట్టుకున్నవాళ్లు ఆడుతున్నారు. పెళ్లికూతురు తన తల్లి పాతచీరే కట్టుకుని కూర్చుంది. ఆ చీర నేను గుర్తుపట్టాను. బడిలో పండగలప్పుడు వాళ్లమ్మ కట్టుకునేది. చీర సంచి పట్టుకుని ముందుకు పోలేక అక్కడే నిలబడ్డాను.

ఆమే వచ్చి నా చేయి పట్టుకుంది. "ఏడ ఉన్నరు పంతులమ్మా? చాన సేపు చూసినం."

"కారు..." అని మొదలుపెట్టాను. కారు చెడిపోలేదు. చెడిపోతుందని ఆగాం, చెడిపోయిందో లేదో తెలుసుకోవడానికి తిరగబోయి కాలువలో పడ్డాం. ఇదంతా ఆమెకు ఎలా చెప్పను?

"కారు ఆగిందా?"

"నేనే ఆపిన."

ఆమెకు అర్థం కాలేదు. సంచి తీసుకుని పిల్లను లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి పిల్ల కొత్తచీరలో బయటికి వచ్చి, మళ్లీ పెళ్లికొడుకు పక్కన కూర్చుంది. చూడటానికి ఆడవాళ్లు మళ్లీ మూగారు. మాకు ఆకుల్లో అన్నం, కోడికూర పెట్టారు. మా ఆయన ఎడమచేత్తో తినలేక అవస్థపడుతుంటే ఆమే వచ్చి ఒక చెంచా వెతికిచ్చింది.

తిరిగి వస్తూ చర్లలో ఎస్టీడీ బూత్ దగ్గర ఆగి తమ్ముడికి ఫోన్ చేశాను. నూట నాలుగు సంగతి చెప్పాను.

"మొదటి అంకెనా, రెండోదా?" అన్నాడు.

"రెండోదే. అది దేనిదో నిన్ను అడుగుతున్న."

వాడు గొంతు తగ్గించాడు. "అక్కా, నాకు కూడా మొత్తం పక్కా తెల్వదు. దోస్తు చెప్తే చేసిన. నూట నాలుగంటే ఏమో, వేడే అయితే గంత వేడి ఉండొచ్చేమో. ఫ్యాను తిరిగినాక తగ్గుతదంటరు."

నాకు కోపం రావాల్సింది, రాలేదు. వాడూ మాలాగే అనిపించింది.

మరుసటి వారం ఖమ్మంలో మెకానిక్‌కు చూపిస్తే ఇంజన్‌కు ఏమీ కాలేదన్నాడు. ఆ తెర సంగతి అడిగితే తను ఎప్పుడూ చూడలేదన్నాడు. బటన్ నొక్కి చూపించాను. ఆసక్తిగా చూసి, తన దగ్గర పనిచేసేవాళ్లనూ పిలిచి చూపించాడు. వాళ్లలో వాళ్లు ఇది పెట్రోలని, కాదు వేడని వాదించుకుంటుంటే, నేను పక్కన స్టూలు మీద కూర్చుని విన్నాను.

ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఆ కారు నడిపాను. కొన్ని రోజులు బటన్ నొక్కి బయల్దేరేదాన్ని, కొన్ని రోజులు నొక్కకుండా. ఏ రోజు ఎందుకు నొక్కానో అడిగితే చెప్పలేను. వెనక్కి తీసేటప్పుడు మాత్రం, బీప్ కూసినా కూయకపోయినా, మా ఆయన్ని దిగి చూడమనేదాన్ని. ఆయన దిగి, వెనక నిలబడి, కట్టు విప్పాక కూడా ఎడమచేత్తోనే సైగ చేసేవారు. ఆ సైగ రమ్మనా, ఆగమనా అన్నది కూడా అద్దంలో నాకు ఎప్పుడూ సరిగ్గా తెలిసేది కాదు.