ముప్ఫై ఆరు లీటర్లు

ఆఫీసులో ఆయన్ని అందరూ "మూడుసార్లు" అనే పిలుస్తారు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినబడదు. గ్లాసు మూడుసార్లు తొలుస్తాడు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు. పెళ్లాన్ని మూడుసార్లు పిలిస్తేగానీ ఊరుకోడు, ఆవిడ పాపం మొదటి పిలుపుకే వచ్చి ఎదురుగా నిలబడినా సరే.

ఇది ఉద్యోగం అంటించిన జబ్బు. పెట్రోలు బంకుల చుట్టూ నేలలోకి నూనె దిగిందా అని మట్టీ నీళ్లూ తీసి పరీక్షకి పంపే పని ఆయనది. ఇరవై రెండేళ్లుగా అదే. ఆ నీళ్లు తీసే చోట్లని ఆఫీసువాళ్లు బావులు అంటారు గానీ, గట్టూ గిలకా ఏవీ ఉండవు. నేలలోకి దింపిన ప్లాస్టిక్ గొట్టాలు అవి. నోట్లో పిడికిలి పట్టదు. పైన ఇనప మూత, దానికో తాళం. గొట్టంలో నిలవున్న నీళ్లలో పెట్రోలు గాలికి ఎగిరిపోతుంది, అందుకని వాటిని నమ్మకూడదు. ఎన్ని నీళ్లుంటే అంతకి మూడింతలు తోడి పారబోయాలి. ఆ తర్వాత నేలలోంచి కొత్తగా ఊరినవాటిని చిన్న సీసాల్లో పట్టాలి. సీసా తలకిందులు చేసి వేలితో తట్టినప్పుడు గాలిబుడగ తేలిందా, మళ్లీ మొదటికి. కొత్తగా చేరినవాళ్లు విసుక్కుంటే, "నిలవ నీళ్లు అబద్ధాలాడతాయి నాయనా" అనేవాడు.

అంతటి మనిషి ఒకే ఒక్కసారి తోడకుండా ఊరుకున్నాడు. ఊరుకుంది ఎక్కడనుకున్నారు? సొంత అక్క ఇంటి గోడ పక్కన!

బంకు అక్క ఇంటికి సరిగ్గా వెనకాల. పాత ట్యాంకు పైకి తీసినప్పుడు కింద మట్టి నల్లగా, ముక్కు పగిలే వాసనతో వచ్చింది. చుట్టూ ఆరు బావులు వేశారు. ఆరోది అక్క గోడని ఆనుకునే ఉంది. అందులో నీళ్లు బాగుంటే ఆవిడ ఇంటి బోరు కూడా బాగున్నట్టే లెక్క. ఆ సంగతి తేలేదాకా ఇంటిల్లిపాదీ డబ్బా నీళ్లే తాగుతున్నారు.

ఆ రోజు ఐదు బావులు తోడేసరికి నడుం విరిగింది. ఆరో గొట్టంలో పన్నెండు లీటర్లు తేలాయి. మూడింతలంటే ముప్ఫై ఆరు. లీటరు పట్టే సన్నటి తోడుగొట్టాన్ని ముప్ఫై ఆరుసార్లు దింపి లాగాలి. రెండోసారి లాగుతుండగా గోడ మీంచి బావ తల లేచింది.

"ఏం బావమరిదీ, భూమిలో నీళ్లన్నీ నువ్వే తోడేస్తావా ఏంటి? మీ అక్క అన్నం వడ్డించుకుని కూర్చుంది."

లోపల్నించి అక్క కేకేసింది. "రారా, చల్లారిపోతోంది! నీకు మూడుసార్లు చెప్పాలా?"

ఆయనకి నవ్వొచ్చింది. నవ్వుతూనే సీసాలు నింపేశాడు. కాగితం మీద చెయ్యి అలవాటు కొద్దీ "ముప్ఫై ఆరు లీటర్లు తోడాను" అని రాసి సంతకం పెట్టింది. వెళ్లి కడుపునిండా తిన్నాడు.

రిపోర్టు వచ్చింది. ఐదో బావిలో పెట్రోలుంది. దానికి పది అడుగుల దూరంలో ఉన్న ఆరోదాంట్లో చుక్క లేదు. "అటువైపు పారట్లేదన్నమాట, అదృష్టం" అన్నాడు ఆఫీసరు. ఈయన తలూపాడు. అక్కకి తనే ఫోన్ చేసి "నిక్షేపంగా తాగండి" అని చెప్పాడు. అక్క కోడలు పసిదానికి పాలపొడి బోరు నీళ్లతోనే కలపడం మొదలుపెట్టింది.

ఇక చూడండి అవస్థ. కాలు గాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుడే. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలీదు. బహుశా నిజంగానే బాగున్నాయేమో అనుకుంటాడు. ఆ "బహుశా"తో ఎవరైనా పసిపిల్లకి పాలు పడతారా అని తనని తనే తిట్టుకుంటాడు. చెబితే దొంగ కాగితం రాసినందుకు ఇరవై రెండేళ్ల ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే?

"తాళం ఆరుసార్లు లాగుతున్నారు, ఏమైంది మీకు?" అంది భార్య. ఏమీ లేదన్నాడు. పంతొమ్మిది రోజులు అలాగే గడిచాయి. ఇరవయ్యో రోజు ఆదివారం. తాడూ తోడుగొట్టం స్కూటరుకి కట్టుకుని బయల్దేరాడు.

ఆరో బావి మూత తీశాడు. పది లీటర్లు తోడాడు, వాసన లేదు. పదిహేను తోడాడు, లేదు. ప్రాణం లేచొచ్చింది. పదిహేడోసారి లాగినప్పుడు గుప్పుమంది. ఇరవై రెండేళ్లుగా తెలిసిన వాసన, పొరపడడానికి లేదు. అయినా ఆపలేదు. ముప్ఫై ఆరూ తోడాడు. సీసాలు నింపాడు, తట్టి చూశాడు. అక్కడే మట్టిలో కూలబడి ఆఫీసరుకి ఫోన్ చేశాడు.

"సార్, ఆరో బావి కాగితం అబద్ధం. రెండే తోడి ముప్ఫై ఆరని రాశాను. ఎవరిదీ తప్పు లేదు, నాదే."

ఫోన్ దింపి తలెత్తితే గోడవతల అక్క కనబడింది. చేతిలో మంచినీళ్ల గ్లాసు. తమ్ముడు ఎండలో చెమటోడుస్తున్నాడని తెచ్చింది.

"నువ్వు తాగమన్నావనే కదరా తాగుతున్నాం" అంది. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"తప్పయిపోయింది అక్కా."

ఆవిడ వంటింట్లోకి పరుగెత్తింది. ఈయన వెనకే వెళ్లాడు. కోడలు కలుపుతున్న పాలసీసా లాక్కుని అక్క తూములో గుమ్మరించేసింది. సీసా కడగాలని కొళాయి తిప్పింది. ఒకసారి తొలిచింది. రెండోసారి తొలుస్తూ ఆగిపోయి, కొళాయి కట్టేసి తమ్ముడి వైపు తిరిగింది.

"దేంతో కడగమంటావురా?"