నాన్న పట్టిన పథ్యం

పక్షవాతం వచ్చిన మనిషికి తిండి మాన్పించాలని మొదట కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, ఎదురుపడితే నాలుగు దులిపెయ్యాలని ఉంది నాకు.

మాది గోదారి ఒడ్డున చేపలు పట్టుకు బతికే ఇల్లు. నాన్న వల వేస్తే, అమ్మ ఆ చేపల్ని కొవ్వూరు మార్కెట్లో అమ్మేది. నేను చదువుకుని అక్కడే ఒక ప్రైవేటు బళ్లో టీచర్నయ్యాను. చేప లేనిదే నాన్నకి ముద్ద దిగేది కాదు. అమ్మ ఎప్పుడైనా పప్పు వండితే, "ఏంటే, ఎవరికన్నా జొరమా?" అని వెటకారం చేసేవాడు.

పోయిన వేసవిలో ఆయనకి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా అయిపోయింది. రాజమండ్రి ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టి పంపారు. గుడ్డు, పప్పు, చేప మెత్తగా చేసి పెట్టమనీ, ఎక్సర్‌సైజులు మానొద్దనీ డాక్టరు గారు చెప్పారు. ఫిజియోథెరపీ చేసే ఆయన ఇంటికొచ్చి, నడుం పట్టుకుని లేపితే నాన్న కాసేపు నిలబడ్డాడు కూడా. అమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

అప్పుడొచ్చింది మా మేనత్త, పసరు మందు కబురు మోసుకుని. కోరుకొండ అవతల ఎవరో ఇస్తారట, తాగినవాళ్ళు లేచి నడిచేస్తున్నారట. మందు సంగతెలా ఉన్నా పథ్యం మాత్రం కఠినం. నీచు కూడదు, గుడ్డు కూడదు, పప్పు, పెరుగు కూడదు. చారన్నం, గంజి, బీరకాయ, అంతే. ఇంట్లో నీచు వాసన కూడా తగలకూడదట! వేరేవాళ్ళ దగ్గర కొన్న చేపల్ని రోజంతా ఊరందరికీ కోసిచ్చే మా అమ్మ, తలారా స్నానం చేసి గాని ఆయన మంచం దగ్గరికి వెళ్ళేది కాదు. తనూ చేప మానేసింది. అంత ప్రేమగా చేస్తున్న మనిషితో ఏమని దెబ్బలాడను? అయినా దెబ్బలాడాను.

"అలా ఎండగట్టేస్తావేంటే అమ్మా! ఎంత చిక్కిపోయాడో చూడు."

"నోర్ముయ్యి. నీచు తగిలితే మందు ఇరిగిపోద్ది. మీ నాన్న నడవాలా, వద్దా?"



నెలలు గడిచేకొద్దీ నాన్న తొడలు సన్నబడిపోయాయి. నడుం కింద పుండు పడింది, ఎంతకీ మానదు. నిలబెడితే మోకాళ్ళు మడతపడిపోతున్నాయి. మొన్న ఫిజియో ఆయన నన్ను అరుగు మీదకి పిలిచాడు.

"ఏమీ అనుకోకండి మేడమ్. వేళ్ళు కదులుతున్నాయండి, మెదడు దాని పని అది చేస్తోంది. కానీ నిలబడ్డానికి ఒంట్లో కండేదండి? తిండి లేకుండా ఎక్సర్‌సైజ్ చేయిస్తే ఉన్నది కూడా కరిగిపోద్ది. ఇలాగే ఉంటే ఇంక లేవరండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం అమ్మ మార్కెట్లో ఉండగా, పక్కింట్లో గుడ్డు ఉడకబెట్టించి తెచ్చాను. మెత్తగా చిదిపి, చారన్నంలో కలిపి ముద్ద పెట్టబోయాను. నాన్న వాసన పట్టేశాడు. కంచంకేసి ఎంత ఆశగా చూశాడో! చూసి, పెదాలు బిగించేశాడు.

"అమ్మకి చెప్పన్లే నాన్నా. ఒక్క ముద్ద."

తల అడ్డంగా ఊపాడు. "న... నడవాలి," అన్నాడు.

ఇంక నా వల్ల కాలేదు. "నిన్ను నడవనివ్వంది ఆ దిక్కుమాలిన పథ్యమే నాన్నా!" అని అరిచేశాను. ఏడ్చాను, బతిమాలాను. ఏమీ తెలియని పిచ్చిపిల్లని చూసినట్టు నాకేసి జాలిగా చూశాడు. నోరూరుతోంది కాబోలు, గుటకలు మింగుతున్నాడు. కంచం కనపడకుండా తనని గోడవైపు తిప్పమని ఎడం చేత్తో సైగ చేశాడు.

ఒక చేత్తో కంచం పట్టుకునే ఉండి, రెండో చేత్తో తిప్పాను. పసిపిల్లాడంత తేలిగ్గా తిరిగిపోయాడు.