అక్కతో వెలికొండలకీ నేలపట్టు చెరువుకీ

మా అక్క రూతమ్మ నెల్లూరులో ఒక మిషన్ బడిలో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పింది. గోడకి తగిలించిన జిల్లా పటం మీద బెత్తం పెట్టి, పడమట వెలికొండలు, దక్షిణాన పులికాట్ సరస్సు, దానికి చేరువలో పక్షులు దిగే నేలపట్టు చెరువు అని వందల మంది పిల్లల చేత వల్లె వేయించింది. వాటిలో ఒక్కటీ తను చూడలేదు. మూడేళ్ల కిందట మద్రాసులో కంటి డాక్టరు, నీటికాసులు వచ్చాయనీ, చూపు మెల్లగా పోతుందనీ, ఆపరేషనుకు లొంగదనీ చెప్పాడు. ఆ రోజు రైల్లో వస్తూ అక్క నన్ను ఒక్క కోరిక కోరింది, అవి చూపించమని. నేను కోవూరులో వరి పండించేవాణ్ణి. నాట్లు కానీ అన్నాను, కోతలు కానీ అన్నాను, నూర్పిళ్లు కానీ అన్నాను. అలా రెండేళ్లు దాటాయి. రిటైరై బడి వెనక గదిలో ఉంటున్న అక్క ఇక అడగడం మానేశాక నాకు సిగ్గేసి, పోయిన కార్తీకంలో కారు మాట్లాడాను.

పంచాంగం ప్రకారం అది శరత్కాలం. తెల్లమబ్బులూ వెన్నెలా పుస్తకాల్లో ఉంటాయి. మా నెల్లూరు వైపు మాత్రం అది వాయుగుండాల కాలం, వారాల తరబడి ఆకాశం మూతపడి ఉంటుంది. మైలుకి అర్ధరూపాయి, డ్రైవరు భోజనం మనది అనే ఒప్పందం మీద మస్తాన్ అనే పెద్దమనిషి తన పాత కారు తెచ్చాడు. శనివారం ఉదయం ఐదున్నరకి కోవూరులో ఎక్కి, పెన్న వంతెన దాటి, నెల్లూరులో అక్కని ఎక్కించుకున్నాను. ఇస్త్రీ చీర కట్టుకుని, బడికి వెళ్లే రోజుల్లోలాగే గొడుగు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. చూపెలా ఉందక్కా అంటే, మసకే గాని ఎండ వస్తే బాగానే తెలుస్తుందంది. ఎండ రాలేదు.

పొదలకూరు చేరేసరికి ఏడు. బస్సులాగే చోట పూరిపాక హోటల్లో ఇడ్లీ వేడిగా ఉంటుంది, కారప్పొడి అడిగి వేయించుకోండి. వానలో ఎవరు దిగుతారని అక్క కారులోనే కూర్చుంది. ఆకు తెచ్చి చేతిలో పెడితే తింది, గ్లాసు కూడా చేతికందిస్తేనే తాగింది. అప్పుడు నాకేమీ తోచలేదు. రాపూరు దాటాక ఒక వాగు రోడ్డు మీదుగా పారుతూ ముప్పావుగంట ఆపేసింది. ఈ కాలంలో వెళ్లేవాళ్లు ఆ ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

వెలికొండల కిందనున్న పెంచలకోన చేరేసరికి పదిన్నర. కొండలకి ఎదురుగా ఆగాం గాని కొండలు లేవు. పాదం దగ్గర కాస్త పచ్చదనం, ఆ పైన అంతా మబ్బే. నా మీద నాకే కోపం వచ్చింది. అది చాలదన్నట్టు వెనక చక్రం పంక్చరు. నేనూ మస్తానూ కొండలకి వీపు పెట్టి, బురదలో గొంతుక్కూర్చుని చక్రం మారుస్తున్నాం. అక్క గొడుగేసుకుని పడమటికి తిరిగి నిలబడింది. కాసేపటికి ఆమె గొంతు వినబడింది.

"ఎంత బాగుండాయిరా అబ్బయ్యా. ఉత్తరం నించి దక్షిణం దాకా గోడ కట్టినట్టు. పైన ఎర్రచందనం చెట్లు కూడా తెలస్తా ఉండాయి."

గబుక్కున తిరిగి చూశాను. తెల్లటి మబ్బు తప్ప నాకేమీ కనిపించలేదు. ఒక్క నిమిషం తెర తొలిగి మళ్లీ మూసుకుందనుకున్నాను. నాకు దక్కకపోయినా అక్కకి దక్కిందని నిజంగా సంతోషించాను. మస్తాన్ అక్క వంక చూశాడు, నా వంక చూశాడు, చేతులు తుడుచుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

అక్కణ్ణించి వెనక్కి రాపూరు వచ్చి గూడూరు రోడ్డు పట్టాం. గూడూరులో భోజనాలు ముగించి నాయుడుపేట మీదుగా దొరవారిసత్రం చేరేసరికి నాలుగు దాటింది. టీ అంగడాయన్ని పక్షుల మాట అడిగితే, ముందే చెప్తే నిరాశపడరని కాబోలు, ఇంకా రాలేదన్నాడు. ఏటా దీపావళి లోపే గూడబాతులు గుంపులుగా వచ్చి చెరువు నీళ్లలోనే పెరిగే కడప చెట్ల మీద గూళ్లు కడతాయట. వాటి రెట్ట పడిన నీళ్లు పొలానికి పారితే వేరే ఎరువు అక్కర్లేదు. అందుకని అవి దిగేదాకా ఊళ్లో ఎవరూ తూము ఎత్తరు. నీళ్లు తగ్గితే చెట్ల కింద మడుగు ఉండదు, మడుగు లేని చోట పక్షి గూడు కట్టదు. ఈ ఏడు నారు ముదిరిపోతున్నా ఊరంతా ఆకాశం వంక చూస్తూ కూర్చుంది. ఈ సంగతి కారులో ఉన్న అక్కకి నేను చెప్పలేదు. పొద్దున మబ్బు తొలిగినట్టే ఇక్కడా ఏదో జరుగుతుందని మొండిగా ఆశపడ్డాను.

నేలపట్టు చెరువు దాకా కారు పోదు. చివరి నూరు గజాలు బురద గట్టు మీద నడవాలి. అక్క నా భుజం పట్టుకుని నడిచింది. ఆమె అడుగులే చూస్తూ కట్ట మీద నిలబెట్టి, చెరువు వంక ఇంకా చూడకుండానే కారు వెనక్కి తిప్పి పెట్టమని మస్తాన్‌కి కేకేయడానికి నాలుగడుగులు దిగాను. అప్పుడే నెత్తిన గడ్డిమోపుతో ఒక రైతు పొలం వైపు నుంచి కట్ట ఎక్కుతున్నాడు. కట్ట అవతల ఏముందో కింద నుంచి అతనికి కనబడదు. పైన చెరువు వైపు తిరిగి నిలబడ్డ అక్క కనిపించింది.

"అమ్మా, దిగినాయా?" అని అడిగాడు.

నా అడుగుల చప్పుడు దగ్గరలోనే ఉండటం విని అక్క ఆ జవాబు నా కోసమే చెప్పింది. "దిగినాయయ్యా. చెట్ల నిండా తెల్లగా కూచోనుండాయి."

అతను మోపు అక్కడే పడేసి పైకి పరిగెత్తాడు. వెనకే నేనూ వెళ్లాను. బూడిదరంగు నీళ్లు, నీళ్లలో సగం దాకా మునిగిన చెట్లు, వాటి మీద కాకి కూడా లేదు. అతను చెట్లన్నీ ఈ కొసనుంచి ఆ కొసకి చూశాడు. తర్వాత అక్క ముఖంలోకి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. మెల్లగా ఆమె మోచెయ్యి పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిపాడు.

"అంచు మీద ఉండావమ్మా," అన్నాడు.

అక్కకి చూపు పూర్తిగా పోయిందని నేను పట్టించుకోని సంగతి ఆ రైతు, పేరు పెంచలయ్యట, ఒక్క నిమిషంలో గ్రహించాడు. పక్షులు దిగితేగాని తూము ఎత్తమని అతను చెప్పాక అక్క చేతులు జోడించింది. తమ్ముడు ఇంత శ్రమపడి తెచ్చాడని అబద్ధమాడాననీ, ఆ మాట మీద ఒక ఊరి పంట ఆధారపడి ఉందని తెలియదనీ, క్షమించమనీ అడిగింది. పొద్దున కొండలు కూడా పాఠమే అప్పజెప్పానని ఒప్పుకుంది. ఎప్పటినుంచని అడిగాను. ఎండాకాలం నుంచి అంది. అంటే అంతకు ముందటేటి శరత్తులో ఇంకా చూపుంది. పోయిన ఏడు పక్షులు ఎప్పుడొచ్చాయని పెంచలయ్యని అడిగాను.

"పోయినేడా? దసరాకే వచ్చేసినాయి సామీ. చెట్లు కనబడలా," అన్నాడు.

పులికాట్ సరస్సు అక్కణ్ణించి పది మైళ్లలోపే. మేం వెళ్లలేదు. తిరుగుదారిలో నాయుడుపేట దాటాక అక్క నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు బయట ఏముండాదో చెప్పు. ఉండేది ఉన్నట్టు చెప్పు," అంది. వాన, తడిసిన ఎద్దులు, గేటు దగ్గర ఆగిన లారీ, మూడు తాటిచెట్లు అని చెప్తూ వచ్చాను. గూడూరు దగ్గర మస్తాన్ అందుకుని చిల్లకూరు దాకా అతనే చెప్పాడు. రాత్రి ఎనిమిదింటికి నెల్లూరులో దిగేటప్పుడు అక్క అతనికి విడిగా నమస్కారం పెట్టింది.

పదిహేను రోజులకి, నేనిచ్చి వచ్చిన చిరునామాకి పెంచలయ్య ఎవరి చేతో రాయించిన కార్డు వచ్చింది. పక్షులు దిగాయి, తూము ఎత్తాం, అమ్మగారికి చెప్పండి అని రెండు ముక్కలు. అక్క దాన్ని నా చేత మూడుసార్లు చదివించుకుని దిండు కింద పెట్టుకుంది. నాకు పొలం ఉంది, నాట్లు ఏటా ఉంటాయి. అవన్నీ నేను లేకపోయినా నాలుగు రోజులు ఆగి జరిగేవే. అక్క కళ్లు ఆగలేదు. ఇది దిద్దుకోవడానికి ఇప్పుడు నా దగ్గర దారి లేదు.

మీరు వెళ్లదలిస్తే ఒక్క సలహా. పక్షులు దిగాయో లేదో అడుగుతూ దొరవారిసత్రం పోస్టు ద్వారా నేలపట్టుకి ముందుగా ఒక జవాబు కార్డు రాయండి, మైళ్ల ఖర్చు వృథా కాదు. కాని మీ ఇంట్లో ఎవరైనా చూడాలని అడిగి ఉంటే మాత్రం ఆ జవాబు కోసం కూడా ఆగకండి.