చాడీలు చెప్పే పెట్టె

మా బావ వెల్డింగు పనివాడు. ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అన్నం కూడా నిలబడే తింటాడు. ఆయన దగ్గరే పని నేర్చుకుని, అన్నంతో పాటు ఆయన తిట్లూ తిని పెరిగినవాణ్ణి నేను.

పోయినేడు షాపులో కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టెంత యంత్రం పెట్టారు. గుండె లయ తప్పితే అదే తట్టి దారిలో పెడుతుంది. దాంతో పాటు మంచం పక్కన ఉంచుకోమని ఒక తెల్ల పెట్టె ఇచ్చారు. మధ్యలో తీగలేమీ లేవు. బావ నిద్రపోయాక, పగలంతా గుండె ఏం చేసిందో యంత్రం పెట్టెకి చెబుతుంది, పెట్టె ఆసుపత్రికి చెబుతుంది. వెల్డింగు జోలికి మాత్రం పోవద్దన్నారు. ఆ కరెంటుకి యంత్రం పొరబడుతుందట.

ఇక చూడండి నా అవస్థ. నేను అతుకు వేస్తుంటే వెనకాలే నిలబడి కాళ్లు మార్చుకుంటూ, "అదేం అతుకురా, కుక్క నాకినట్టుంది!" అనేవాడు. ఒకరోజు ఆగలేక నా చేతిలోంచి మాస్కు లాక్కున్నాడు. మర్నాడే నర్సు ఫోను చేసింది. మా అక్క ఇల్లు పీకి పందిరేసింది.

"పెట్టె చాడీలు చెప్పిందిరా" అన్నాడు బావ. "దాని పక్కన పడుకుంటేనే కదా చెప్పేది?"

ఇంట్లో ఉక్కగా ఉందని వంక పెట్టి షాపు అటక మీద పడక వేశాడు. పగలు హాయిగా వెల్డింగు. నాకు మాత్రం ఆయన తుమ్మినా గుండె జారిపోయేది.

"బావా, నీ మొండితనంతో మా అక్క కొంప ముంచుతావు" అన్నాను.

"నోరు విప్పావంటే రేపట్నుంచి షాపుకి రాకు."

పోతే పోయింది షాపు అనుకుని అక్కకి చెప్పేశాను. అక్క ఆ పెట్టెను చంకలో పెట్టుకుని పట్టపగలే షాపుకొచ్చింది. డ్రిల్లింగు మిషను ప్లగ్గు పీకి దాన్ని తగిలించి, బావని పక్కన కూర్చోబెట్టి, పెట్టె మీదున్న కబురు పంపే మీట నొక్కింది. బావ నన్ను మింగేసేలా చూస్తున్నాడు.

కాసేపటికే నర్సు ఫోను. అక్క అందరికీ వినబడేలా పెట్టింది.

"వెల్డింగు సంగతి తర్వాత మాట్లాడదాం. రెండు రాత్రులు మీ గుండె ప్రమాదంగా లయ తప్పింది. యంత్రం సర్దింది కాబట్టి సరిపోయింది. ఇదేమీ వెల్డింగు వల్ల పొరబడ్డది కాదు. మందులు మార్చాలి, వెంటనే బయల్దేరండి. అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"నిద్రపోతున్నానమ్మా" అన్నాడు బావ. "ఇక్కడే, అటక మీద."

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు" అన్నాడు. అక్క ఫోను పెట్టేసింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"పని పోతే ఇంకో పని వెతుక్కుంటాం" అంది. "మీరు పోతే నేనేం వెతుక్కోవాలి?"

బావ అక్క చెయ్యి పట్టుకుని నా ముందే ఏడ్చేశాడు. నేను ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను.