ఆకాశంలో బండి వంచినవాడు

ఈ కథ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది. మా ఫ్లయింగ్ క్లబ్బులో కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ ఎవడో ఒకడు టీ గ్లాసు పట్టుకుని నా పక్కన చేరి, "సార్, మీరు విమానాన్ని వంచారంట కదా?" అంటాడు. వంచాను నాయనా, వంచాను. ఇక ఓపిక లేదు. అందుకే ఒక్కసారి రాసి పడేస్తున్నాను. ఇకమీదట అడిగినవాడి చేతిలో ఈ కాగితం పెట్టి నా టీ నేను తాగుతాను. ముందే చెబుతున్నాను, ఇందులో నేను గొప్పగా కనిపించే చోటు ఒక్కటీ లేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. అల్వాల్‌లో ఇల్లు. మా నాన్న లెక్కల మాస్టారు. ఆయన స్కూటర్ నాకంటే వయసులో పెద్దది, నాలుగు చినుకులు పడితే చాలు ఆగిపోయేది. నాన్న దిగి, దాన్ని ఒక పక్కకు బాగా వంచి, పెట్రోలు కార్బురేటర్లోకి దిగిందనుకున్నాక నిలబెట్టి కిక్ కొట్టేవారు. ఆ విద్య నాకు ఏడో తరగతిలోనే అబ్బింది.

విమానం నేర్చుకోవడానికి చేరాక నాకు రెక్కల మీద మంచు అనే పాఠం తెగ నచ్చింది. రెక్క మీద పల్చటి పొర పట్టినా చాలు, విమానం లేవనని మొరాయిస్తుందట. పద్నాలుగు పేజీల నోట్సు రాశాను. ఎక్కడ? సికింద్రాబాద్‌లో! చెరకురసం బండి దగ్గర తప్ప మంచుగడ్డ కనిపించని ఊళ్లో! దాని వెనకే కార్బురేటర్లో మంచు అని ఇంకో పాఠం ఉంది. "కార్బురేటర్ గురించి నాకు ఒకరు చెప్పాలా, మా స్కూటర్‌కి లేదూ?" అనుకుని పేజీ తిప్పేశాను. అక్కడే నా కొంప మునిగింది.

మొదటిసారి ఒంటరిగా ఎగిరే రోజు వచ్చింది. ముసురు అప్పుడే వెలిసింది. గాలి తడిబట్టలా ఒంటికి అంటుకుంటోంది. మా నాన్న స్కూటర్ మీద దిగారు. అంతకు ముందు ఆదివారమే చర్చిలో లేచి నిలబడి, నా కోసం అందరిచేతా ప్రార్థన చేయించారు కూడా. మా గురువు నర్సింగ్ సార్‌ది బోయిగూడ. చేతిలో వాకీటాకీ, నోట్లో వక్కపలుకు.

"చూడు డేవిడ్, ఒక్కటే రౌండు. పోవుడు, తిరుగుడు, దిగుడు. బండికి గీత పడ్డదనుకో, మళ్ల నిన్ను ఎక్కనియ్య."

"సరే సార్."

లేచాను. రన్‌వే పక్కన చక్కగా తిరిగాను. యాప్రాల్ అపార్ట్‌మెంట్లు అగ్గిపెట్టెల్లా కనిపిస్తుంటే, లోకంలో మొనగాడిని నేనొక్కడినే అనిపించింది. దిగడానికి పవర్ తగ్గించాను. ఇంజన్ దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆ తరువాత మా స్కూటర్ గొంతుతోనే వణకడం మొదలుపెట్టింది.

భయమేసింది. అబద్ధమెందుకు ఆడాలి. అయినా నా పద్నాలుగు పేజీలు గుర్తొచ్చాయి. ఎడమ రెక్క చూశాను, కుడి రెక్క చూశాను.

"సార్, ఇంజన్ దగ్గుతోంది."

"ఐస్ పట్టింది, హీట్ గుంజు!"

"లేదు సార్, రెక్కలు రెండూ చూశాను. క్లీన్‌గా ఉన్నాయి."

"అరె, రెక్కల్ల కాదురా బాబూ, కార్బురేటర్ల! హీట్ గుంజు!"

మీకు తెలియదేమో, ఆ పాఠం అప్పటికి నాకూ తెలియదు కాబట్టి చెబుతాను. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కార్బురేటర్ ఎంత చల్లబడుతుందంటే, బయట మనకు చెమటలు కారుతున్నా లోపల మంచు కడుతుంది. హీట్ నాబ్ లాగితే వేడిగాలి వెళ్లి కరిగిస్తుంది. పవర్ తగ్గించే ముందే లాగాలి. ఆ పేజీ తిప్పేసినవాణ్ణి, నేను లాగలేదు.

ఇప్పుడు లాగాను. కరిగిన నీళ్లు ఇంజన్లోకి పోయి, దగ్గు కాస్తా క్షయలా తయారైంది. హడలిపోయి నాబ్ మళ్లీ లోపలికి తోసేశాను. ఇక తోచింది ఒక్కటే. విమానాన్ని ఎడమ పక్కకు వంచాను. నిలబెట్టాను. మళ్లీ వంచాను.

"ఏందిరా గిట్ల వంకర పోతున్నవ్? పరేషాన్ చెయ్యకు!"

"పెట్రోలు దిగుతుందని సార్!"

అప్పుడు కింద జరిగింది నర్సింగ్ సారే తరువాత చెప్పారు. విమానం ముక్కు ఉన్నట్టుండి కుడివైపు ఎగిరిపడిందట.

"ముక్కెందుకు ఊపుతున్నడు?" అని సార్ తల పట్టుకుంటే, మా నాన్న కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నవారు ఒక కన్ను తెరిచి చూసి, "కిక్ కొడుతున్నాడండీ" అన్నారట.

నిజమే. విమానం ముక్కు తిప్పే పెడల్‌ను కుడికాలితో ఫట్మని తన్నాను.

"డేవిడ్, బేటా," సార్ గొంతు హఠాత్తుగా మెత్తబడింది. అది విన్నాకే నాకు చావు దగ్గర పడిందని అర్థమైంది. "తన్నకు. వంచకు. హీట్ పూర్తిగా గుంజు. ఎంత దగ్గినా దగ్గనియ్. జెర ఓపిక పట్టు."

లాగాను. పట్టుకుని కూర్చున్నాను. అది దగ్గింది, ఉమ్మింది, తుమ్మింది. నేను ఏడ్చాను. ఆ తరువాత ఒక్కసారిగా గొంతు సవరించుకుని మామూలుగా పాడింది. మూడు గెంతులు వేసి రన్‌వే మీద దిగాను. విమానానికి గీత పడలేదు.

నాన్న పరుగెత్తుకొచ్చి నన్ను కౌగిలించుకున్నారు. తరువాత సార్ వైపు తిరిగి, "క్షమించండి సార్, తప్పు వాడిది కాదు. వంచడం నేర్పింది నేనే" అన్నారు. నాకు ఎక్కడైనా దూరి చావాలనిపించింది.

సార్ వాకీటాకీ పట్టుకుని షెడ్డులోకి వెళ్లిపోయారు. మేం స్కూటర్ దగ్గరకు నడిచాం. నాన్న కిక్ కొట్టబోయి ఆగిపోయారు. "నువ్వు కొట్టరా, నా కాళ్లు ఆడటం లేదు."

కొట్టాను. రాలేదు. ఇంకోసారి కొట్టాను. రాలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, బండిని ముట్టుకోకుండా దొంగల్లా నిలబడ్డాం.

షెడ్డు లోపలి నుంచి నర్సింగ్ సార్ గొంతు వినిపించింది. "అరె, గదాన్ని వంచుండ్రి! గది నేల మీదనే ఉన్నది!"

కాబట్టి ఈ కాగితం చదివిన వారందరి సాక్షిగా, మా నాన్న స్కూటర్ మీద ఒట్టేసి చెబుతున్నాను. రెండు చక్రాలూ నేల మీద ఆని ఉంటే తప్ప ఏ బండినీ వంచను, ఏ బండినీ తన్నను. ఇక నా టీ చల్లారిపోతోంది, వెళ్లండి.