బాపు దుకాణంలో లేని కత్తి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, ఎప్పటికైనా నా ప్రాణం ఒక కత్తి మీద ఆధారపడుతుందని. డిగ్రీ పూర్తయి, ఉద్యోగం ఇంకా రాక, మట్టెవాడలో మా బాపు నడిపే స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చునేవాణ్ణి. చుట్టూ గిన్నెలు, గంటెలు, కుక్కర్లు. చేతిలో ఫోను. ఫోనులో ఎక్కడో మంచుకొండల మధ్య ఒక గడ్డపాయన ఒక్క కత్తితో గుడిసె కట్టి, నిప్పు రాజేసి, చలి కాచుకునేవాడు. (నేనప్పటికి టీ పెట్టుకోవడానికి కూడా అమ్మను పిలిచేవాణ్ణి.) ఆయన దగ్గర నేర్చుకున్న జ్ఞానం ఏమిటంటే, మడిచే కత్తికి ఆ మడత దగ్గరే బలహీనత, కాబట్టి అడవికి మడత లేనిదే కావాలి. అందులోనూ అది 'ఫుల్ టాంగ్' అయి ఉండాలి, అంటే మొన నుంచి పిడి చివరిదాకా ఒకటే ఉక్కు ముక్క. పిడిలోకి వేలెడు దూరి ఆగిపోయేది అసలు కత్తే కాదు. చిక్కేమిటంటే, మా దుకాణంలోని చాకులన్నీ అట్లా దూరి ఆగిపోయినవే.

జ్ఞానం కడుపులో దాగుతుందా? ఒకరోజు కొత్తవాడ నుంచి ఒకావిడ చాకు కోసం వచ్చింది. "అక్కా, ఇది తీస్కోకు, ఫుల్ టాంగ్ కాదు. గట్టిగ కొడితే పిడి ఊడొస్తది" అన్నాను. ఆవిడ చాకునూ నన్నూ మార్చిమార్చి చూసింది. "నేనెందుకు కొడ్త తమ్మీ? నాకు బెండకాయలు కొయ్యాలె" అంది. "బెండకాయలకైతే ఫికర్ లేదక్కా, కానీ రేపు అడవిల పులి ఎదురైతే?" అన్నాను, ఎంతో బాధ్యతగా. ఆవిడ చాకు అక్కడే పెట్టేసి ఎదురు దుకాణంలోకి నడిచింది. గల్లాపెట్టె దగ్గర నుంచి ఇదంతా చూసిన బాపు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మన దుకాణంల కూసుండి మన మాలునే బద్నాం చేస్తానవ్ గదరా!" అన్నాడు.

అప్పుడే మా దోస్తు లంబు (ఎత్తును బట్టి పడ్డ పేరు) క్యాంపింగ్ ప్రస్తావన తెచ్చాడు. నర్సంపేట అవతల అడవి అంచున వాళ్ల మేనమామకు మామిడితోట ఉంది. అందులో దోస్తులందరం గుడారం వేసుకోవచ్చన్నాడు. తోటలో బోరు మోటరూ, కాపలా ఆయనకు మంచమూ, ఫోనుకు నిండా సిగ్నలూ ఉన్నాయన్నది నేను పట్టించుకోలేదు. నాకది అరణ్యమే. రాత్రీ పగలూ ఫోనులో కత్తులు వెతికాను. ఒకదాని వెన్నుకు రంపపు పళ్లున్నాయి, పిడిలో దిక్సూచి ఉంది. మనసు పారేసుకోబోయాను గానీ, పిడి బోలు. పారిపోవడానికి దిక్కు తెలుస్తుంది కానీ కట్టె మాత్రం చీలదు. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదు, కార్బన్ స్టీలయితే సులువుగా పదునెక్కుతుంది, రాయితో గీస్తే నిప్పురవ్వలు రాలుతాయి. రవ్వల దగ్గర పడిపోయాను. దళసరి వెన్నున్న కార్బన్ స్టీలు కత్తికి ఆర్డరు పెట్టేశాను.

"బయటినుంచి కత్తి తెప్పిచ్చుకుంటాండట నీ కొడుకు" అని బాపు అమ్మతో అన్నాడు, నేనెవరితోనో లేచిపోయినంత బాధతో. ఆ తర్వాత నాతో మాటలు బంద్. ఇష్టమైన పప్పుచారు కూడా సగంలోనే వదిలేసి లేచేవాడు. చాకులమ్మి నన్ను చదివించిన మనిషి మరి. నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది, కానీ ఆర్డరు వెనక్కి తీసుకునేంతగా కాదు.

కత్తి దుకాణానికే వచ్చింది. బాపే అందుకుని, నేను అడగకముందే విప్పి, ఒరలోంచి తీసి, గోటితో మీటి విన్నాడు. "జంగు పడతది" అన్నాడు. "నూనె రాస్తే తుప్పు పట్టదు బాపూ." "నూనె రాసి జడ గూడ ఏస్తవా?" అంటూనే ఇంకోసారి మీటాడు. పిడిని గుప్పిట్లో తిప్పి చూశాడు. తర్వాత మెల్లిగా, "ఆదివారం నేను గూడ వస్త" అన్నాడు. మా దోస్తుల ముఖాలు ఎలా వాడిపోయాయో చెప్పను.

ఆదివారం బాపు మా దుకాణం చాకొకటి కాగితంలో చుట్టుకుని తయారయ్యాడు. తోటలో మొదట ఉల్లిగడ్డల వంతు. నా కత్తి వెన్ను మందం కదా, ఉల్లిగడ్డ తెగడం మాని పగిలింది. టమాట నలిగి నా చొక్కా మీదికి చిమ్మింది. బాపు చాకు పక్కనే సన్నటి చక్రాలు రాల్చింది. "బిడ్డా, పులికి ఉల్లిగడ్డలు పెద్దగ కోసి పెడితే నడుస్తదా?" అంటే అందరూ పడీపడీ నవ్వారు. తర్వాత పొయ్యికి కట్టెల్ని, నా కత్తి వెన్ను మీద దుంగతో కొట్టి చీల్చాను. ఆ నవ్వుల ఊపులో బాపు, నేను చేసిన తీరులోనే, తన చాకును ఎండు కట్టె మీద పెట్టి వెన్ను మీద దుంగతో ఒక్కటిచ్చాడు. చాకు కట్టెలో ఉండిపోయింది. పిడి బాపు చేతిలోకొచ్చింది.

ఎవరూ నవ్వలేదు. బాపు ఆ పిడిలోని బొక్కలోకి ఒక కన్ను మూసి చూస్తున్నాడు. లంబు నావైపు చూశాడు. 'ఫుల్ టాంగ్ కాదు బాపూ' అనడానికి నెలల తరబడి నాలుక దురదతో ఉన్నవాణ్ణి. కానీ బాపు ముఖం చూశాక నోరు రాలేదు. "కట్టె ముడి మీద పడ్డది బాపూ. ఏ చాకయినా గంతే" అన్నాను.

బాపు నన్ను కాసేపు చూసి ఫక్కున నవ్వాడు. "జర నీ పులి కత్తి ఇటియ్యి" అన్నాడు. అంతే, సాయంత్రం దాకా మాకెవరికీ అది మళ్లీ దొరకలేదు. అంగీ విప్పి, బనీను మీద, పెళ్లి వంటకు సరిపడా కట్టెలు చీల్చాడు. ప్రతి కట్టె చీలినప్పుడూ "చూస్తానవారా!" అని కేక. దుకాణంలో కూర్చునే మా బాపులో ఇంత గోల ఉందని నాకప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటున్నాను. కత్తి బాపు దగ్గరే ఉంది. కుక్కర్ల డబ్బాలు దానితోనే కోసి విప్పుతాడు, పొద్దుగూకాక కొబ్బరినూనె రాసి ఒరలో పెడతాడు. మొన్న అట్లా నూనె రాస్తూ, "తోటకు పోయి శానా రోజులాయె. ఈ ఆదివారం పోదామారా?" అన్నాడు. "పెళ్లిళ్ల సీజన్ బాపూ, దుకాణం ఇడిసిపెట్టి ఎట్ల పోతం?" అన్నాను. బాపు, పాపం, వయసు పైబడిన మనిషిని చూసినట్టు నన్నొకసారి చూసి, కత్తి తుడుచుకోసాగాడు.